ఆ పూటే చెప్పాలి

తెల్లవారుజామున నాలుగున్నర. మంచు ఇంకా దిగలేదు. తణుకు దాటి కాలువగట్టు మీద బండి ఆపి మీరు కిందకి దిగగానే ముందు తగిలేది వాసన. కోళ్ల రెట్ట ఘాటు, తవుడు, తడిసిన సున్నం. లేయర్ ఫారంలో ఈ వేళకి లైట్లు వెయ్యగానే వేల కోళ్లు లేచి దాణా కోసం రొద పెడతాయి. ఆ రొద రోడ్డు మీదకి వినపడుతుంది. ఇవాళ లైట్లు వెలుగుతున్నాయి గానీ రొద లేదు.

ఇది 2025 ఫిబ్రవరి. ఈ షెడ్డు ఏ ఒక్కరిదీ కాదు. ఆ రోజుల్లో ఉభయ గోదావరి జిల్లాల్లో చాలా షెడ్లు ఇలాగే తెల్లవారాయి.

లోపలికి రండి. బోనులు మూడంతస్తులుగా, ఈ చివర నుంచి ఆ చివరకి వరసలు. మొదటి వరసలో నాలుగో బోను దగ్గర ఆగండి. ఒక కోడి తల దాణా తొట్టిలోకి వాలిపోయి ఉంది. జుట్టు ఎర్రగా ఉండాల్సింది నేరేడు పండులా నల్లబడింది. ముఖం వాచింది. కాళ్ల మీద పొలుసుల కింద రక్తం గూడుకట్టిన మచ్చలు. పక్కనున్నది ఇంకా బతికే ఉంది, కానీ మెడ నిలబడటం లేదు. గుడ్లు దొర్లే వాలులో పెంకు కట్టని తోలుగుడ్లు నాలుగైదు ఉన్నాయి. కింద రెట్ట పచ్చగా, నీళ్లలా కారింది.

"ఎన్ని పోయాయిరా?" అని రైతు అడుగుతున్నాడు.

"నిన్న సాయంత్రం నాలుగేనండి. తెల్లారేసరికి ఈ వరసంతా పడిపోయిందండి. లెక్కెట్టలేకపోతన్నానండి."

"కొక్కెర తెగులేమో. మొన్నేగా టీకా వేయించాం."

ఆ అనుమానం సహజమే. కోళ్లు గుంపుగా పడిపోతే పెంచేవాళ్లకి ముందు గుర్తొచ్చేది కొక్కెరే. కానీ ఈ జబ్బు, బర్డ్ ఫ్లూ, ఇంకా వేగంగా పాకుతుంది. సోకిన షెడ్డులో రెండు మూడు రోజుల్లో కోళ్లన్నీ పోవచ్చు. చాలావాటికి లక్షణాలు కనిపించే వ్యవధి కూడా ఉండదు.

రైతు చేతిలో ఫోన్ ఉంది. ఇద్దరిలో ఎవరికి చెయ్యాలన్నదే ఇప్పుడు ఆయన ముందున్న ప్రశ్న. ఒకరు మండలంలోని పశువుల డాక్టరు గారు. రెండోవారు కోళ్లు ఎత్తే వ్యాపారి. రేటు తగ్గించైనా సరే, బతికున్నవాటిని ఈ పూటే బండెక్కించేస్తారు. పిల్లగా తెచ్చి, గుడ్డు పెట్టే వయసు వచ్చేదాకా నాలుగైదు నెలలు కేవలం మేపిన పెట్టుబడి ఇది. మొక్కజొన్న, సోయా ధర పెరిగినా ఓర్చుకుని, అప్పు చేసి నిలబెట్టిన షెడ్డు. డాక్టరు గారికి చెబితే జబ్బు పేరు బయటికొస్తుంది. పేరు బయటికొస్తే ఊరంతా తన వైపే వేలు చూపిస్తుంది. ఆయన నిలబడ్డ చోట మీరు నిలబడి చూడండి, ఆ ఫోన్ ఎంత బరువో తెలుస్తుంది.

ఆయన ఆలోచించేలోగా మీరు బయటికొచ్చి చుట్టూ చూడండి. ఒక పక్క వరిచేలు, ఇంకో పక్క చేపల చెరువులు, మధ్యలో కాలువ. చెరువుగట్ల మీద కొంగలు. కోత అయిన చేలల్లో రాలిన గింజల కోసం బాతుల మందల్ని తోలుకుంటూ ఊరూరూ తిరిగే కుటుంబాలు ఈ డెల్టాకి కొత్త కాదు. ఇక్కడికి దగ్గర్లోనే కొల్లేరు. చలికాలంలో మధ్య ఆసియా, సైబీరియాల నుంచి పక్షులు మన దేశానికి వచ్చే ఆకాశమార్గంలో అదొక మజిలీ. నీటి పక్షుల్లో, ముఖ్యంగా బాతుల్లో, ఈ వైరస్ పైకి ఏ జబ్బూ లేకుండా ఉండగలదు. రెట్టలో బయటపడి నీళ్లలో కలుస్తుంది. చల్లదనం ఉంటే రెట్టలో నెలకి పైగా బతుకుతుంది. మన దగ్గర ఈ జబ్బు వార్తలు ఎక్కువగా చలికాలంలో వినపడటానికి ఇవి రెండూ కారణాలే.

అయితే తప్పంతా వలస పక్షుల మీదికి తోసెయ్యడం న్యాయం కాదు. ఇప్పుడు లోకమంతా తిరుగుతున్న హెచ్5ఎన్1 బర్డ్ ఫ్లూ వైరస్ వంశం మొదట దొరికింది 1996లో, దక్షిణ చైనాలోని గ్వాంగ్‌డాంగ్‌లో పెంపుడు గూస్ బాతుల్లో. మరుసటి ఏడాది హాంకాంగ్‌లో 18 మందికి సోకి ఆరుగురు చనిపోయారు. అక్కడి కోళ్లన్నిటినీ చంపేశారు. 2005లో చైనాలోని చింగ్‌హాయ్ సరస్సు దగ్గర వేలాది అడవి పక్షులు రాలిపోయాయి. మరుసటి ఏడాది ఫిబ్రవరిలో మన దేశంలో మొదటిసారి మహారాష్ట్రలోని నవాపూర్ ఫారాల్లో బయటపడింది. పెంపుడు పక్షుల నుంచి అడవి పక్షులకి పోయింది, వాటి నుంచి మళ్లీ షెడ్లకి వచ్చింది. 2021 చలికాలంలో హిమాచల్‌లోని పాంగ్ డ్యామ్ జలాశయంలో పట్టెతల బాతులు వేలల్లో చచ్చిపోయాయి. వాటికి డాక్టరు లేడు, పరిహారం లేదు.

పైగా ఒక షెడ్డు నుంచి ఇంకో షెడ్డుకి దీన్ని మోసేది ఎక్కువగా మనుషులే. దాణా లారీ టైర్లు, తిరిగొచ్చే గుడ్ల ట్రేలు, కోళ్లు ఎత్తే బోనులు, పనివాళ్ల చెప్పులు, చెరువులకి పోయే కోళ్ల ఎరువు, కాలువలో పారేసిన కళేబరం. ఆ కళేబరాన్ని కాకి పీకుతుంది, కుక్క లాక్కుపోతుంది. 2025 జనవరిలో మహారాష్ట్రలోని ఉద్గీర్‌లో కాకులు రాలిపోయాయి. నాగపూర్‌లోని గోరేవాడ వన్యప్రాణి రక్షణ కేంద్రంలో అంతకుముందు నెలలో మూడు పులులు, ఒక చిరుత చనిపోయాయి. వాటిలో ఇదే వైరస్ తేలింది.

డాక్టరు గారు వచ్చారు. రైతు ఆయనకే ఫోన్ చేశాడు. తొడుగులు, మాస్కు వేసుకుని ఒక్కో కోడి గొంతులో, ఆసనంలో దూదిపుల్ల తిప్పి సీసాలో పెడుతున్నారు. సీసా మీద డబ్బా, డబ్బా మీద ఇంకో డబ్బా, చుట్టూ ఐసు. అది భోపాల్ వెళ్లాలి. అత్యంత ప్రమాదకరమైన పశురోగాలను తేల్చే జాతీయ ప్రయోగశాల అక్కడే ఉంది. అక్కడి నుంచి మాట వచ్చేదాకా షెడ్డు నుంచి గుడ్డు కదలకూడదు, కోడి కదలకూడదు, పనివాళ్లు ఊళ్లోకి పోకూడదు. ఆ నిరీక్షణలో ప్రతి తెల్లవారీ ఇంకో వరస ఖాళీ అవుతుంది.

ఫిబ్రవరి రెండో వారంలో ఫలితం వచ్చింది. పశ్చిమ గోదావరి జిల్లా తణుకు మండలం వేల్పూరు, తూర్పు గోదావరి జిల్లా పెరవలి మండలం కానూరు అగ్రహారం. రెండు చోట్లా హెచ్5ఎన్1. ఫారం చుట్టూ కిలోమీటరు మేర సోకిన ప్రాంతం, పది కిలోమీటర్ల దాకా నిఘా ప్రాంతం. కిలోమీటరు లోపల కోళ్లు అమ్మకూడదు, ఉంచకూడదు. తెలంగాణ సరిహద్దులో చెక్‌పోస్టులు పెట్టి కోళ్ల లారీలను వెనక్కి తిప్పారు. దేశంలో గుడ్లు ఎక్కువగా ఉత్పత్తి అయ్యే రాష్ట్రం మన ఆంధ్రప్రదేశే. బెంగాల్‌కీ, ఈశాన్య రాష్ట్రాలకీ గుడ్లు పంపే ఊళ్లవి.

చంపే పని మొదలైంది. తెల్ల కిట్లు వేసుకున్న బృందం షెడ్డులోకి వెళ్తోంది. ముందుజాగ్రత్తగా వాళ్లకి ఫ్లూ మాత్రలు ఇచ్చారు. పని అయ్యాక కూడా కొన్నాళ్లు జ్వరం వస్తుందేమో చూస్తారు. కళ్లద్దాల లోపల చెమట ఆవిరి పట్టి ఎదురుగా ఏం ఉందో సరిగ్గా కనపడదు. బోను తలుపు తీయడం, రెండు కాళ్లూ పట్టి బయటికి లాగడం, మెడ విరవడం, సంచిలో వెయ్యడం. మళ్లీ తలుపు తీయడం. మొదటి వందకే వేళ్లు మొద్దుబారతాయి. ఇప్పుడు షెడ్డులో రొద వినపడుతోంది. బతికున్నవి అరుస్తున్నాయి. రైతు గేటు దగ్గరే నిలబడ్డాడు, లోపలికి రావడం లేదు. షెడ్డు వెనక పొక్లెయిన్ గొయ్యి తవ్వింది. కోళ్లు, సున్నం, మళ్లీ కోళ్లు, మళ్లీ సున్నం, పైన మట్టి. గుడ్లు, మిగిలిన దాణా కూడా గోతిలోకే. ఒక మనిషి పుస్తకంలో లెక్క రాస్తున్నాడు. పరిహారానికి ఆ లెక్కే ఆధారం.

ఆ పుస్తకంలోకి ఒకసారి తొంగి చూడండి. సిబ్బంది చంపిన కోళ్లే అందులో ఉంటాయి. గోతిలో వేసిన గుడ్లు, దాణా ఉంటాయి. అంతకుముందు జబ్బుతో చచ్చినవి ఉండవు. ఆ డబ్బులో సగం కేంద్రానిది, సగం రాష్ట్రానిది. అంటే ఎంత తొందరగా చెబితే అంత ఎక్కువ కోళ్లకి పరిహారం వస్తుంది. ఆలస్యం చేసిన రైతుకి గొయ్యే మిగులుతుంది. ఈ సంగతి జబ్బు వచ్చాక కాదు, రాకముందే ప్రతి ఫారం గోడ మీదా రాసి ఉండాలి.

రోడ్డెక్కి ఊళ్లోకి రండి. చికెన్ కొట్టు షట్టరు సగం దించి ఉంది. హోటల్లో బిర్యానీ అడిగేవాళ్లు లేరు. నిజానికి 70 డిగ్రీల వేడి లోపలిదాకా తగిలితే ఈ వైరస్ బతకదు. మన ఇళ్లల్లో పులుసు అంతకంటే ఎక్కువే ఉడుకుతుంది. భయపడాల్సింది ఉడికిన కూరకి కాదు, జబ్బు కోడిని చేతులతో పట్టడానికీ, పచ్చిమాంసానికీ. ఆ మార్చిలోనే పల్నాడు జిల్లాకి చెందిన రెండేళ్ల పాప ఈ వైరస్‌తో మంగళగిరి ఎయిమ్స్‌లో చనిపోయింది. మాంసం కోస్తున్నప్పుడు పచ్చి ముక్క తిన్నదని ఇంట్లోవాళ్లు చెప్పారు. మనుషులకి ఇది అరుదుగా సోకుతుంది. సోకితే మాత్రం ప్రాణం మీదికి వస్తుంది. పక్షుల్ని దాటి అమెరికాలో పాడి ఆవులకి, అర్జెంటీనా తీరంలో సీల్ పిల్లలకి కూడా పాకిందంటే, ఇది మారుతూనే ఉందని అర్థం.

దీన్ని ఆపే సమయం మన చేతిలో కొద్దిగానే ఉంటుంది. మొదటి కోడి పడిన పూట నుంచి ఫోన్ మోగే పూట దాకా. ఆ మధ్యలో బండెక్కిన ప్రతి కోడీ, కాలువలో పడిన ప్రతి కళేబరమూ ఇంకో ఊరికి జబ్బు మోసుకెళ్తుంది. కొల్లేటి పక్షికీ అంటిస్తుంది. రైతు ఆ ఫోన్ ధైర్యంగా చెయ్యాలంటే పరిహారం నెలల తరబడి ఫైళ్లలో తిరగకూడదు, అప్పు వాయిదాకి గడువివ్వాలి, చెప్పినవాడిని ఊరు దోషిలా చూడకూడదు. ఈ మూడూ ప్రభుత్వమూ మనమూ చెయ్యగలిగినవే.

ఫారం ఉన్నవాళ్లకి ఒక్క మాట. రోజూ పడేదానికి మించి కోళ్లు పడితే ఆ పూటే పశువైద్యశాలకి చెప్పండి, గేటు మూసెయ్యండి, ఒక్క కోడినీ అమ్మొద్దు. ఫారం లేనివాళ్లకీ ఒక మాట. చెరువుగట్టున కొంగలో, చెట్టు కింద కాకులో గుంపుగా చచ్చి కనపడితే ముట్టుకోకండి, పిల్లల్ని దగ్గరికి పోనివ్వకండి, వెంటనే అధికారులకి చెప్పండి.