వెయ్యిమంది పేర్లు లేని శాసనం

రాత పాలకవర్గాల ఆయుధమనీ, ప్రజల చరిత్ర అంతా నోటిమాటలోనే ఉందనీ మన సభల్లో తరచూ వింటుంటాం. ఈ మాటలో నిజం లేకపోలేదు. కానీ దీన్ని చివరిదాకా లాగితే, ప్రజలకు రాతతో పనిలేదన్న చోటికి చేరుకుంటాం. అది ప్రమాదం. ఎందుకు ప్రమాదమో చెప్పడానికి ఒకే ఒక్క శాసనాన్ని తీసుకుంటాను.

కడప జిల్లా పోరుమామిళ్ళలో క్రీ.శ. 1369 నాటి చెరువు శాసనం ఉంది. విజయనగర ప్రభువు మొదటి బుక్కరాయల కొడుకు భాస్కర భవదూరుడు అక్కడ పెద్ద చెరువు కట్టించిన సంగతి అందులో చెక్కారు. వంశాన్ని పొగడడం, చెరువు కట్టిస్తే వచ్చే పుణ్యాన్ని వర్ణించడం ఇలాంటి శాసనాల్లో మామూలే. దీని విశేషం వేరు. మంచి చెరువుకు కావలసిన పన్నెండు అంగాలనూ, చెరువుకు ఉండకూడని ఆరు దోషాలనూ ఇది వరసగా చెబుతుంది.

ధర్మబుద్ధి, ధనం గల రాజుతో జాబితా మొదలవుతుంది. జలశాస్త్రం తెలిసినవాడు, గట్టినేల, తియ్యటి నీళ్ళ నది, కొండల నడుమ మరీ పొడవు కాని గట్టి రాతికట్ట, లోతూ వైశాల్యమూ గల చెరువు గర్భం, నిడుపాటి తిన్నని రాళ్ళు దొరికే గని - ఇలా సాగి, చివరికి కట్టుబడి పనిలో ఆరితేరిన మనుషుల దగ్గర ముగుస్తుంది. మొదట రాజు, చివర పనివాళ్ళు! ఆ సమాజ నిర్మాణమంతా ఆ వరసలోనే ఉంది.

ఇక దోషాలు: కట్ట నుంచి నీరు ఊరడం, చవిటినేల, రెండు రాజ్యాల పొలిమేర, చెరువు నడుమ మిట్ట, నీరు తక్కువై ఆయకట్టు ఎక్కువ కావడం, నీరు ఎక్కువై ఆయకట్టు తక్కువ కావడం. వీటిలో అయిదు, నేలనూ నీటినీ కొలిచేవాడు చూసుకోవలసినవి. మూడోది న్యాయానికి సంబంధించింది. నీటి మీద ఇద్దరికి అధికారముంటే తగువు తప్పదని శాసనకర్తకు తెలుసు. 1969లో కృష్ణా జలాల పంపకానికి బచావత్ ట్రిబ్యునల్ ఏర్పడింది. 2014లో రాష్ట్రం రెండయ్యాక అదే నది మీద తెలుగువాళ్ళే రెండు పక్షాలై వాదనకు దిగారు. ఆ శిల్పి ఉలి ఎంత దూరం చూసిందో గమనించండి.

చవిటినేల మీద కట్ట నిలవదని శ్లోకం అల్లిన పండితుడికి ఎవరు చెప్పి ఉంటారు? పారా పలుగూ పట్టినవాళ్ళే చెప్పి ఉండాలి. ఎన్ని చెరువులు తెగితే ఈ ఆరు దోషాలు తేలి ఉంటాయి! అంత అనుభవం మనిషితోపాటు మట్టిలో కలిసిపోకుండా, చూడని ఊరికీ పుట్టని తరానికీ చేరాలంటే రాతే దారి. అయితే ఈ శాసనం భాష సంస్కృతం. అదే కడప జిల్లా కలమళ్ళలో క్రీ.శ. 575 ప్రాంతానికే రేనాటి చోళుల తెలుగు శాసనం ఉంది. ఎనిమిది వందల ఏళ్ళ తరువాత కూడా, మట్టి మోసినవాళ్ళ జ్ఞానాన్ని వాళ్ళకు అందని భాషలో చెక్కారు.

రోజుకు వెయ్యిమంది కూలీలు, రాళ్ళు తోలే వంద బండ్లు, రెండేళ్ళ పని - ఈ లెక్కా శాసనంలోదే. ప్రభువు పేరుంది, ఆయన పూర్వుల పేర్లున్నాయి. వెయ్యిమందిలో ఒక్క కూలి పేరూ లేదు. కానీ ఆ అంకె అయినా లేకపోతే ఏమయ్యేది? చెరువును భవదూరుడే కట్టాడని పాఠ్యపుస్తకం చెబితే, కాదనడానికి మన చేతిలో ఆధారముండేది కాదు. ప్రభువు గొప్ప కోసం చెక్కించిన అంకె ఇవాళ శ్రమజీవుల పక్షాన సాక్ష్యం చెబుతోంది.

పేరు రాతకెక్కకపోతే ఏమవుతుందో నాకు మా ఇంట్లోనే తెలిసింది. మా తాత నల్లగొండ జిల్లాలో ఒక దొర భూమిని ఏళ్ళ తరబడి కౌలుకు చేశాడు. అంతా నోటిమాటే. 1950లో హైదరాబాదు రాష్ట్రంలో వచ్చిన కౌలుదారీ చట్టం రక్షిత కౌలుదార్లకు హక్కులిచ్చింది. ఆ జాబితాలో మా తాత పేరు లేదు. ఎక్కించే కలం ఊళ్ళో పట్వారీ చేతిలో ఉండేది. ఆ పదవులు 1984లో రద్దయ్యాయి గాని, అప్పటికి మా తాత లేడు. ఆయన దున్నాడని ఊరంతా ఎరుగును. ఊరు ఎరిగింది కచేరీలో చెల్లలేదు.

అందుచేత రాతను దొరలకు వదిలిపెట్టి నోటిమాటను మాత్రమే కీర్తించడం అభ్యుదయం కాదు. నోటిమాటను సేకరించాలి, దాన్ని రాతకెక్కించాలి, అదీ చెప్పినవాళ్ళు చదువుకోగల తెలుగులో. మా బడి దగ్గరి చెరువు కట్ట మీది శిలాఫలకంలో ప్రారంభించినవారి పేర్లే ఉన్నాయి. పూడిక తీసినవాళ్ళు ఊళ్ళోనే ఉన్నారు. తొమ్మిదో తరగతి పిల్లల్ని వాళ్ళ దగ్గరికి పంపాను. ఇప్పటికి నలభై ఒక్క పేర్లు నోటుబుక్కులోకి ఎక్కాయి. తూము ఎక్కడ పెట్టాలో, కట్ట ఎప్పుడు ఊరుతుందో వాళ్ళు చెప్పిన మాటలు ఆ పేర్ల పక్కనే ఉన్నాయి. మిగతా ఊళ్ళ సంగతి చదువరులైన ఉపాధ్యాయులూ రచయితలూ చూడాలి.