చమురు ట్యాంకుల లీకులు: శుద్ధి ఖర్చుల నియంత్రణ (అమెరికా)

పెట్రోలు బంకుల్లో నేల కింద పాతిన ట్యాంకులు కారితే చుట్టుపక్కల మట్టి, భూగర్భ జలం కలుషితమవుతాయి. వాటిని శుద్ధి చేసే ఖర్చు ఎవరిది, ఏ పనికి ఎంత చెల్లించాలి అన్నది అమెరికాలో చాలావరకు రాష్ట్ర ప్రభుత్వాల చేతిలో ఉంది. కేంద్రం చట్టం చేసింది. డబ్బు లెక్కలు మాత్రం రాష్ట్రాల మీద పడ్డాయి.

రెండో ప్రపంచ యుద్ధం తర్వాత వేసిన ట్యాంకుల్లో ఎక్కువ భాగం రక్షణ పూత లేని ఉక్కువి. 1980లు వచ్చేసరికి అవి తుప్పు పట్టి కారడం మొదలైంది. 1984లో అమెరికా కాంగ్రెస్ ఈ ట్యాంకులను నియంత్రణ కిందికి తెచ్చింది. 1986లో మోటారు ఇంధనంపై గ్యాలనుకు సెంటులో పదో వంతు పన్ను వేసి ప్రత్యేక నిధి ఏర్పాటు చేసింది. అయితే ఆ నిధి ముఖ్యంగా యజమాని ఎవరో తేలని చోట్లకూ, అత్యవసర పనులకూ, అధికారుల పర్యవేక్షణకూ ఉద్దేశించినది. మిగతా యజమానులు తమ ఖర్చు తామే భరించగలమని చూపాలి. 1988 నిబంధనల ప్రకారం ఇంధనం అమ్మే బంకులకు ఆ పూచీ ఒక్కో లీకుకు 10 లక్షల డాలర్లు. పాత ఉక్కు ట్యాంకులకు బీమా దొరకడమే కష్టమైన ఆ రోజుల్లో చిన్న బంకులవాళ్లకు అది అసాధ్యం. అందుకే అనేక రాష్ట్రాలు ఇంధనంపై రుసుము వసూలు చేసి సొంత నిధులు పెట్టుకున్నాయి. బీమా స్థానంలో వీటిని చూపినా చెల్లుతుంది.

నిధి ఉన్నంత మాత్రాన ఖర్చు అదుపులో ఉండదని ఫ్లోరిడా అనుభవం చెబుతుంది. తాగునీటికి భూగర్భ జలంపైనే ఎక్కువగా ఆధారపడే ఈ రాష్ట్రం 1986లోనే నిధి ప్రారంభించి, లీకును తామే ముందుకొచ్చి చెప్పిన యజమానులకు ఉదారంగా సాయం ప్రకటించింది. తర్వాత పని ముందు చేయించి బిల్లు పెట్టుకునే రీయింబర్స్‌మెంట్ పద్ధతి విస్తరించింది. ముందస్తు అనుమతి అక్కర్లేకపోవడంతో ప్రమాదం తక్కువున్న చోట్ల కూడా తవ్వకాలు సాగాయి, బిల్లులు నిధి ఆదాయాన్ని మించిపోయాయి. 1995లో శాసనసభ ఆ పద్ధతికి స్వస్తి చెప్పింది. పాత బకాయిలు తీర్చడానికి బాండ్లు జారీ చేయాల్సి వచ్చింది. అప్పటినుంచి పని పరిధినీ ధరనూ రాష్ట్రం ముందే ఆమోదించాలి. తాగునీటి బావులకు ముప్పు ఎంతో లెక్కగట్టి ఒక్కో స్థలానికి మార్కులు వేస్తారు. ఎక్కువ మార్కులున్న చోటికి నిధులు ముందు వెళ్తాయి, తక్కువున్నవి ఏళ్ల తరబడి వేచి ఉంటాయి.

కాలిఫోర్నియాలో 1989 చట్టంతో ఏర్పడిన నిధికి బంకుల యజమానులు ట్యాంకులో నింపే ప్రతి గ్యాలనుకు రుసుము కడతారు. ఒక్కో లీకుకు గరిష్ఠ సాయం 15 లక్షల డాలర్లు; 2015 నుంచి వచ్చిన దరఖాస్తులకు 10 లక్షలు. సాధారణంగా మూడు టెండర్లు పిలిచాకే పని అప్పగించాలి. చెల్లింపు వరసలో ఇళ్ల ట్యాంకుల యజమానులు, తర్వాత చిన్న వ్యాపారులు ముందుంటారు, పెద్ద కంపెనీలు చివర. 2012లో ఇక్కడ మరో అడుగు వేశారు: మనుషులకు, నీటికి ముప్పు తక్కువని తేలితే, కొంత కాలుష్యం నేలలో మిగిలినా కేసు మూసివేయవచ్చు. పర్యావరణవాదులకు ఇది రుచించకపోయినా, ఖర్చు తగ్గించడంలో ఇది బాగా పనిచేసే సాధనం. ఎంత శుభ్రం చేస్తే చాలు అన్న ప్రశ్నకు జవాబు మారితే బిల్లు మారుతుంది. కొద్దిపాటి మట్టి వరకే ఆగిన కాలుష్యానికి సుమారు పది వేల డాలర్లతో సరిపోవచ్చు, భూగర్భ జలంలోకి దిగితే పది లక్షలు దాటవచ్చు.

టెక్సాస్ దారి వేరు. 1998 డిసెంబరు తర్వాత బయటపడిన లీకులకు ఆ రాష్ట్ర నిధి వర్తించదు, యజమానులు ప్రైవేటు బీమా చూసుకోవాలి.

దేశవ్యాప్తంగా ఇప్పటివరకు నిర్ధారించిన లీకులు 5 లక్షలు దాటాయి. అధిక భాగం శుద్ధి పూర్తయింది. ఇంకా పదుల వేల స్థలాల్లో పని మిగిలే ఉంది.