ఇంటి పని, ఒప్పందం, భద్రత: గృహస్థు – చేతివృత్తిదారు సంబంధాల చరిత్ర

5.0 లక్ష్యాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు:
• ఇంటి పని చేయించేవారికీ, చేసేవారికీ మధ్య నమ్మకం వేర్వేరు కాలాలలో దేనిపై ఆధారపడిందో వివరించగలుగుతారు.
• బయానాకూ, చట్టానికీ ఉన్న సంబంధాన్ని తెలుసుకుంటారు.
• భద్రత అనే మాటకు ఇద్దరి వైపు నుంచీ అర్థం చెప్పగలుగుతారు.

5.1 పరిచయం

'ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు' అనే సామెత మనందరికీ తెలిసిందే. ఇంటి పనిలోని కష్టమంతా ఇటుక, సిమెంటు, కలప ధరలలోనే ఉండదు. మేస్త్రీకి తెలిసిన పని గృహస్థుకు తెలియదు. గోడ లోపల ఏమి పెట్టారో, కప్పులో ఇనుము ఎంత వేశారో పూత పూసిన తరువాత కనిపించదు. డబ్బు ముందే ఇస్తే పని మధ్యలో ఆగిపోతుందేమోనని గృహస్థు భయపడతాడు. పని ముందే చేస్తే కూలి రాదేమోనని మేస్త్రీ భయపడతాడు. ఈ రెండు భయాలూ చాలా పాతవి. వీటిని తీర్చడానికి ప్రతి సమాజమూ ఏదో ఒక ఏర్పాటు చేసుకుంది. ఆ ఏర్పాట్లలో నష్టభారాన్ని ఎవరి మీద మోపారు అన్నదే ఈ పాఠంలో మనం పరిశీలించే ముఖ్య ప్రశ్న.

5.2 బాబిలోనియా: శిక్షే పూచీ

ఈ విషయంలో మనకు లభించిన ప్రాచీన ఆధారాలలో హమ్మురాబి శాసనం ముఖ్యమైనది. క్రీ.పూ. 18వ శతాబ్దంలో బాబిలోనియాను పాలించిన ఈ రాజు చట్టాలను చెక్కించిన నల్లరాతి స్తంభం 1901–02లో ఇరాన్‌లోని సూసా వద్ద బయటపడింది. ప్రస్తుతం అది పారిస్‌లోని లూవ్ర్ మ్యూజియంలో ఉంది. అందులో 228 నుంచి 233 వరకు ఉన్న నిబంధనలు ఇల్లు కట్టేవారికి సంబంధించినవి.

ఇల్లు పూర్తి చేసినవాడికి విస్తీర్ణాన్ని బట్టి వెండి రూపంలో ఎంత ముట్టజెప్పాలో మొదటి నిబంధన నిర్ణయించింది. ఇల్లు కూలి యజమాని చనిపోతే కట్టినవాడికి మరణశిక్ష. యజమాని కొడుకు చనిపోతే కట్టినవాడి కొడుక్కి మరణశిక్ష. ఆస్తి నష్టమైతే దాన్ని భర్తీ చేసి, కూలిన ఇంటిని తన ఖర్చుతోనే తిరిగి కట్టాలి. గోడ ఒరిగితే సొంత డబ్బుతో దాన్ని బాగుచేయాలి.

ఇక్కడ రెండు అంశాలను గమనించాలి. ఒకటి, ధర ముందే తెలిసి ఉండటం, లోపాన్ని కట్టినవాడే సరిచేయడం అనే సూత్రాలు అప్పటికే ఉన్నాయి. రెండు, నష్టభారం మొత్తం కట్టినవాడి మీదే పడింది. పనిలో గాయపడినవారి ప్రస్తావన ఈ ఆరు నిబంధనలలో లేదు.

5.3 అర్థశాస్త్రం: రెండు వైపులా జరిమానా

మన దేశంలో కౌటిల్యుని అర్థశాస్త్రం ఈ సమస్యను ఇంకా వివరంగా చర్చించింది. మౌర్యుల కాలంతో ముడిపెట్టి చెప్పే ఈ గ్రంథం ప్రస్తుత రూపాన్ని తరువాతి శతాబ్దాలలో పొందిందని పలువురు పండితుల అభిప్రాయం. మైసూరులో లభించిన ప్రతి ఆధారంగా ఆర్. శామశాస్త్రి దీన్ని 1909లో ప్రచురించారు.

ఇందులోని నాలుగో అధికరణం 'కంటకశోధనం'. దాని మొదటి అధ్యాయానికి 'కారుకరక్షణం' అని పేరు. కారుకులు అంటే చేతిపనివారు. పని చేసే చోటు, గడువు, పని స్వరూపం ముందే నిర్ణయించుకోవాలని ఈ అధ్యాయం చెబుతుంది. గడువు దాటితే కూలిలో నాలుగో వంతు కోత, దానికి రెట్టింపు జరిమానా. చెప్పిన పని ఒకటి, చేసిన పని మరొకటి అయితే కూలి మొత్తం పోతుంది, దానికి రెట్టింపు జరిమానా కూడా పడుతుంది. వస్తువులను నమ్మి అప్పగించే సందర్భంలో వృత్తి సంఘమైన 'శ్రేణి' పూచీగా నిలిచేది.

అయితే మూడో అధికరణం రెండో వైపును కూడా చూసింది. కూలి ఎగవేసిన యజమానికి జరిమానా విధించింది. కూలి ముందుగా మాట్లాడుకోకపోతే అటువంటి పనికి ఇతరులకు ఎంత ఇస్తారో అంత, లేదా పని తెలిసినవారు నిర్ణయించినంత ఇవ్వాలని పేర్కొన్నది. మౌర్యుల ఆస్థానానికి వచ్చిన గ్రీకు రాయబారి మెగస్తనీసు చెప్పినట్లుగా స్ట్రాబో నమోదు చేసిన విషయం ఒకటుంది. చేతిపనివాడి చేయినో కన్నునో పోగొట్టినవాడికి మరణశిక్ష విధించేవారట. పనివాడి చేతికి రాజ్యం విలువ కట్టిందని దీనిని బట్టి భావించవచ్చు.

5.4 గ్రామంలో ఆయం: పరిచయమే పూచీ

తెలుగు గ్రామాలలో చాలాకాలం ఈ వ్యవహారం కాగితం మీద కాక వరుసల మీద నడిచింది. వడ్రంగి, కమ్మరి, కుమ్మరి, చాకలి, మంగలి మొదలైన ఆయగాండ్రకు పంట కళ్ళంలో ధాన్యం వాటాగా, కొందరికి మాన్యం భూమిగా ప్రతిఫలం అందేది. విజయనగర కాలపు గ్రామపాలనలో ఈ ఆయగారు పద్ధతికి ప్రాధాన్యం ఉంది. హైదరాబాదు సమీపంలోని శామీర్‌పేటను అధ్యయనం చేసి ఎస్.సి. దూబే 1955లో ప్రచురించిన గ్రంథంలోనూ వృత్తుల మధ్య ఉన్న ఈ పరస్పర సంబంధాల వర్ణన కనిపిస్తుంది.

ఈ పద్ధతిలో వడ్రంగి ఎవరో, వాళ్ళ నాన్న చేసిన తలుపు ఎన్నేళ్ళు నిలిచిందో ఊరందరికీ తెలుసు. చెడ్డ పని చేసి ఊళ్ళో తలెత్తుకు తిరగడం కష్టం. అందుచేత గృహస్థుకు కొంత భద్రత ఉండేది. కాని పనివారికి? కులాన్ని బట్టి వృత్తి, వృత్తిని బట్టి హోదా నిర్ణయమైన చోట 'ఈ పని నేను చేయను' అని చెప్పే స్వేచ్ఛ తక్కువ. నిజాం పాలనలోని తెలంగాణలో వడ్రంగులు, కమ్మరులు దొరలకు పనిముట్లు ఉచితంగా చేసిపెట్టవలసి రావడం వెట్టిలో భాగమే. కాబట్టి పరిచయం మీద నడిచిన వ్యవస్థ అందరికీ సమానంగా రక్షణ ఇవ్వలేదు.

5.5 బయానా, జైలు: 1859 చట్టం

పట్టణాలు పెరిగిన కొద్దీ గృహస్థుకూ పనివారికీ మధ్య ఊరి పరిచయం తెగిపోయింది. ఆ స్థానంలోకి మేస్త్రీ వచ్చాడు. ఈ మాటే పోర్చుగీసు భాష నుంచి వచ్చింది. పని కుదిరిందనడానికి గుర్తుగా ముందు ఇచ్చే సొమ్మును మనవాళ్ళు బయానా అనీ, అచ్చారం అనీ, సంచకారం అనీ అన్నారు. పనిముట్లకు, ఇంటి తిండికి చేతిలో డబ్బులేని పనివారికి ఆ సొమ్ము అవసరం. తీసుకున్నవారు రాకపోతే ఏమిటన్నది ఇచ్చినవారి ప్రశ్న.

ఈ ప్రశ్నకు వలస ప్రభుత్వం ఇచ్చిన సమాధానం 1859 నాటి 13వ చట్టం. పనివారి ఒప్పంద ఉల్లంఘన చట్టంగా ఇది ప్రసిద్ధం. మొదట కలకత్తా, మద్రాసు, బొంబాయి నగరాలను ఉద్దేశించి చేసిన ఈ చట్టాన్ని తరువాత ఇతర ప్రాంతాలకూ విస్తరింపజేశారు. ముందు సొమ్ము తీసుకుని పని చేయని చేతిపనివారి మీద యజమాని మేజిస్ట్రేటుకు ఫిర్యాదు చేయవచ్చు. సొమ్ము తిరిగి ఇవ్వడమో, పని పూర్తి చేయడమో యజమాని కోరినట్లు మేజిస్ట్రేటు ఆదేశిస్తాడు. పాటించకపోతే మూడు నెలల వరకు కఠిన కారాగార శిక్ష.

డబ్బు బాకీని నేరంగా మార్చడమే ఇందులోని అన్యాయం. కూలి ఎగవేసిన యజమానికి ఈ చట్టంలో జైలు లేదు. అస్సాం తేయాకు తోటలలో కూలీలను కదలనివ్వకుండా కట్టిపడేయడానికి ఇదే చట్టం ఉపయోగపడింది. చివరకు 1925లో దీని రద్దుకు చట్టం చేశారు. బయానా పేరుతో మనుషులను కట్టివేసే ఆచారం మాత్రం అంతటితో పోలేదు. అందుకే 1976లో వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం అవసరమైంది.

5.6 ఒప్పందం నుంచి వినియోగదారు హక్కు వరకు

1872 నాటి భారత ఒప్పందాల చట్టం మరో దారి చూపింది. మాట తప్పితే జైలు కాదు, జరిగిన నష్టానికి పరిహారం. ఇది ఇద్దరికీ వర్తిస్తుంది. నోటిమాట ఒప్పందం కూడా చెల్లుతుంది. కాని దాన్ని రుజువు చేయడం కష్టం. చిన్న పని కోసం సివిల్ కోర్టుకు వెళ్ళేవారు తక్కువ.

వినియోగదారుల రక్షణ చట్టం 1986లో వచ్చింది. 1993 సవరణతో 'సేవ' అనే మాట నిర్వచనంలో గృహ నిర్మాణాన్ని స్పష్టంగా చేర్చారు. గృహ నిర్మాణం సేవ కిందికి వస్తుందని లక్నో అభివృద్ధి సంస్థ కేసులో సుప్రీంకోర్టు అదే ఏడాది తీర్పు చెప్పింది. 1986 చట్టం స్థానంలో 2019 చట్టం వచ్చింది. దీంతో లోపభూయిష్టమైన పనికి గృహస్థు తక్కువ ఖర్చుతో పరిహారం కోరే మార్గం ఏర్పడింది.

5.7 పనివారి ప్రాణానికి పూచీ

పరంజి మీది నుంచి పడిపోయిన కూలీకి ఎవరు బాధ్యులు? 1923 నాటి పనివారి నష్టపరిహార చట్టం ఈ ప్రశ్నను చేపట్టింది. అయితే యజమాని వ్యాపారంతో సంబంధంలేని తాత్కాలిక పనికి కుదిరినవారిని అది మినహాయించింది. సొంత ఇంటి మరమ్మతుకు నాలుగు రోజులు వచ్చిన తాపీ పనివారు అలా బయటే ఉండిపోయారు. ఆ మినహాయింపును 2000 సంవత్సరపు సవరణతో తొలగించారు. నిర్మాణ కార్మికుల కోసం 1996లో చేసిన చట్టం కూడా 10 లక్షల రూపాయలు మించని సొంత ఇంటి పనిని తన పరిధిలో చేర్చలేదు. అంటే ఫ్యాక్టరీ గేటు దాకా వచ్చిన చట్టం ఇంటి గుమ్మం దాటడానికి చాలాకాలం పట్టింది.

విద్యుత్ పని విషయంలో మాత్రం చట్టం ముందే గుమ్మం దాటింది. బల్బు, ఫ్యూజు మార్చడం వంటి చిన్న పనులు తప్ప మిగిలిన వైరింగు పనిని లైసెన్సు ఉన్న కాంట్రాక్టరే చేయాలని 1956 నాటి విద్యుత్ నిబంధనలు నిర్దేశించాయి. ఇక్కడ తప్పు జరిగితే ప్రమాదం పనివారికీ, ఇంట్లోవారికీ ఒకటే.

5.8 చరిత్ర నుంచి మన ఇంటికి

పై చర్చను మన అనుభవానికి అన్వయించి చూద్దాం. ఊరి పరిచయం లేని చోట, మేస్త్రీ అంతకుముందు చేసిన రెండు ఇళ్ళు చూసి, ఆ ఇంటివారితో మాట్లాడటం ఆ పరిచయానికి బదులు. ఏ పని, ఎన్ని రోజులు, రోజు కూలా, గుత్తా, చదరపు అడుగు లెక్కా, సామాను ఎవరు తేవాలి అన్నవి ఒక కాగితం మీద రాసి ఇద్దరూ సంతకం చేసి చెరొక ప్రతి ఉంచుకోవడం అర్థశాస్త్రం చెప్పిన 'చోటు, గడువు, స్వరూపం' సూత్రానికి నేటి రూపం. బయానా మొదటి అవసరాలకు సరిపడా ఇచ్చి, మిగిలినది పని దశలను బట్టి చెల్లిస్తే ఎవరి సొమ్మూ ఎక్కువగా చిక్కుకోదు. అదనపు పనికి ధర ముందే మాట్లాడుకోవాలి. ప్రతి చెల్లింపునకూ రసీదు ఉండాలి. చివరి వాయిదా పని చూసుకున్నాకే ఇవ్వడం న్యాయం. పని బాగున్నా దాన్ని నానబెట్టడం అన్యాయం. గట్టి పరంజి, మెయిన్ స్విచ్ ఆపడం, తాగే నీరు వంటివి కూడా ఒప్పందంలో భాగమే అనుకోవాలి.

5.9 సారాంశం

బాబిలోనియాలో శిక్ష, గ్రామంలో పరిచయం, వలస పాలనలో జైలు, ఆధునిక కాలంలో ఒప్పందం, పరిహారం: నమ్మకానికి పూచీ కాలాన్ని బట్టి మారుతూ వచ్చింది. నష్టభారాన్ని ఒక్కరి మీదే మోపిన ఏర్పాట్లు గృహస్థును కాపాడి ఉండవచ్చు గాని న్యాయం చేయలేదు. ఇంటి పని సురక్షితం కావాలంటే ఇల్లూ నిలవాలి, కట్టినవారూ క్షేమంగా, కూలితో ఇంటికి చేరాలి.

5.10 మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. హమ్మురాబి శాసనం, అర్థశాస్త్రం ఇల్లు కట్టేవారిని, చేతిపనివారిని చూసిన తీరులోని తేడాలేమిటి?
2. ఆయగారు పద్ధతి ఎవరికి భద్రత ఇచ్చింది? ఎవరికి ఇవ్వలేదు?
3. 1859 చట్టాన్ని ఏకపక్షమైనదని ఎందుకు అంటాం?
4. మీ ఇంట్లోగాని, పొరుగింట్లోగాని ఇటీవల జరిగిన ఒక పనిని తీసుకుని, అందులో నష్టభారం ఎవరి మీద పడిందో పది వాక్యాలలో రాయండి. ఆ పని చేసినవారితో కూడా మాట్లాడిన తరువాతే రాయండి.