రేవుపై నెత్తు గుర్తులు

తీరవాసులు దరతరములు జ్ఞప్తియం దుంచుకొనదగిన యొక రాత్రిని గూర్చి మొదట విన్నవించెదను. 1864వ సంవత్సరము నవంబరు 1వ తేదీ రాత్రి సముద్రము బందరుపై బడి సుమారు 30,000 మంది ప్రాణములను హరించెను. అంతకు నెల ముందు, అక్టోబరు 5వ తేదీన, కలకత్తాయు నిట్టి విపత్తునకే లోనయ్యెను. ఈ రెండు ఘోరముల పిదప, 1865లో, కలకత్తా రేవున హెచ్చరిక పద్ధతి యేర్పడెను. 1875లో భారత వాతావరణ శాఖ వెలసెను. నేడు మన చెవిని బడు ప్రతి హెచ్చరికకును వెల నాటివారు చెల్లించిరని నేను దలంతును.

హెచ్చరిక యొక భాష, నేర్చినవానికే బోధపడును. నావికుల కొఱకు రేవు కంబముపై పగలు గుర్తులును, రాత్రి దీపములును నెత్తుట కలదు. అవి పదునొకండు. 1, 2 అంకెలు తుఫాను దూరమున నున్నదనియు, 3, 4 రేవునకే గాలి తాకిడి రావచ్చుననియు, 5 మొదలు 7 వఱకు ప్రమాదమనియు, 8 మొదలు 10 వఱకు మహాప్రమాదమనియు దెలుపును. 11వ దానిని బాగుగా గమనింపుడు. హెచ్చరించు కార్యాలయముతో వార్తాసంబంధము తెగినదని దాని యర్థము. వార్త రాకుండుటయే భయహేతువని పెద్దలు నిర్ణయించిరి. గాలి రేగినప్పుడు వార్తలు నిలిచిపోయిన, క్షేమమని యెంచరాదు.

ఇక రెండు సంగతులు. మొదటిది: గాలికంటె నీరు క్రూరము. తీరమున సముద్రము లోతు తక్కువయైనచోట గాలి త్రోసిన నీరు గుట్టపడి యూళ్లపైకి వచ్చును. అదియే యుప్పెన. మన తూర్పు తీరమున తుఫాను దాటినచోటికి ఉత్తరపు ప్రక్కన గాలి కడలినుండి నేలకు వీచును గనుక ఉప్పెన యచ్చటనే హెచ్చు. కావున “ఎచ్చట దాటును?” అని యడిగి తెలిసికొనుడు. రెండవది: తుఫాను నడిబొడ్డు మీదుగా బోవునపుడు గాలి యడగి ఆకాశము తేటపడవచ్చును. అది ముగింపు గాదు. కొంతసేపటికి గాలి ఎదురు దిక్కునుండి విజృంభించును. ఆ నడుమ నిల్లు చూచుకొనబోవుట మృత్యువు నెదుర్కొనుటయే.

1977 నవంబరు 19వ తేదీన దివిసీమపై సుమారు 5 మీటర్ల యుప్పెన విఱుచుకొనిపడి పదివేలమంది వఱకు బలిగొనెను. హెచ్చరికలు వెలువడకపోలేదు. కాని గాలివాన యని వినుట వేఱు, ఉప్పెనను దలచి యిల్లు విడుచుట వేఱు. 1990 మే నెలలో కృష్ణా ముఖమున ప్రచండమైన తుఫాను దాటెను. అప్పుడు లక్షలకొలది జనులను ముందే మెరకకు దరలించిరి. మృతులు వేయికి లోపే.

పెద్దలారా! తుఫాను దారి మార్చుకొనుట కలదు. ఒకమారు వెడలి వట్టిచేతుల దిరిగివచ్చినవాడు మఱుమా రింటనే యుందు ననును. పశువు, ధాన్యము, ఇంటి తలుపు కాళ్లకు బంధములగును. అప్పుడు మీ మాట యొక్కటే పనిచేయును. పశువుల కట్లు విప్పించి, వృద్ధులను శిశువులను మొదట సాగనంపి, మీరును వెడలుడు. పదిమారులు వ్యర్థముగా నడచినను నష్టము కాళ్లనొప్పియే. ఒక్కమారు నడువకున్న ఊరే మిగులదు.