గనులలోని కానరాని వాయువు

నెల్లూరు జిల్లా అనగానే వరిధాన్యముతోపాటు అభ్రకము మన జ్ఞప్తికి వచ్చును. జనులు కాకిబంగారమని పిలుచు ఈ ఖనిజమును గూడూరు, సైదాపురము, కలిచేడు ప్రాంతములలో పందొమ్మిదవ శతాబ్దాంతము నుండి త్రవ్వుచు వచ్చిరి. కోస్తాకు పడమరనున్న ఈ అభ్రకపు శిలలలో అచ్చటచ్చట సమార్‌స్కైటు అను నల్లని, బరువైన ఖనిజము కూడ దొరకినది. అందు యురేనియము కలదు. యురేనియము నుండి క్రమముగా రేడియము, రేడియము నుండి రాడాన్ అను వాయువు పుట్టుచుండును.

రాడాన్‌కు రంగు లేదు, వాసన లేదు. 3.8 దినములలో అది సగము నశించి పొలోనియము మున్నగు ఘన పదార్థములుగా మారును. ఇవి ధూళి కణముల నంటుకొని ఊపిరితిత్తులలో చేరి, అచ్చట కిరణములను వెదజల్లును. అందుచే దుమ్ము నిండి, గాలి కదలని గని మిక్కిలి ప్రమాదకరము.

ఈ సంగతి తేలుటకు శతాబ్దములు పట్టినది. మధ్య ఐరోపా గనులవారు ఊపిరితిత్తుల వ్యాధితో అకాలమరణము పొందుటను, కొందరు స్త్రీలు వరుసగా ఏడుగురు భర్తలను పోగొట్టుకొనుటను 1556లో వెలువడిన అగ్రికోలా గ్రంథము పేర్కొన్నది. అది రాచపుండు జాతి వ్యాధియని 1879లో హార్టింగ్, హెస్సె అను వారు ష్నీబర్గులో కనుగొనిరి. 1900లో డోర్న్ రేడియము నుండి వెలువడు వాయువును గుర్తించెను. ఇంత తెలిసియు, అమెరికా యురేనియము గనులలో నవాహో తెగవారు మొదలగు కార్మికులెందరో ప్రాణములు కోల్పోయిరి; అచటి కార్మిక శాఖ 1967లో గాని గట్టి పరిమితి విధింపలేదు.

మన దేశమున అణుఖనిజముల అన్వేషణకు 1949లో ప్రత్యేక విభాగ మేర్పడెను. 1962లో అణుశక్తి చట్టము, 1983లో అణుశక్తి నియంత్రణ మండలి, 1984లో అణుఖనిజపు గనుల నియమములు వచ్చినవి. కడప జిల్లాలోని తుమ్మలపల్లె యురేనియము గని ఈ కట్టుబాట్లకు లోబడినది. అభ్రకపు గనులకు 2025 వరకు 1952 నాటి గనుల చట్టము వర్తించెను.

చట్టమేదైనను కార్మికునికి కావలసినవి రెండే: గనిలోనికి ధారాళమైన గాలి, నీటితో అణచిన దుమ్ము. ఇవి ఇసుకరాతి దుమ్మువలన కలుగు సిలికోసిస్‌నుండియు కాపాడును. గాలి ఆడని పాత గోతులలో ఎవరును దిగరాదు. ఇండ్లలో సయితము ఘనపు మీటరు గాలికి 100 బెక్వెరల్ మించకుండుట మేలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009లో సూచించినది. కిటికీలు తెరచి ఉంచు మన పెద్దల అలవాటును మనము విడువకుందుము గాక.