తెగిన పోగు

ఉమ్రీ దాటి నాలుగైదు కిలోమీటర్లు పోయామో లేదో, కారు నోరు పడిపోయింది. దగ్గలేదు, కుదపలేదు. ఎవరో తాళం తిప్పి ఆపేసినట్టు ఇంజన్ ఆగింది. స్టీరింగ్ బిగుసుకుపోయింది. వెనక లారీ హారన్. బ్రేకు మీద ఒకటికి రెండుసార్లు కాలు వేసేసరికి అదీ రాయిలా గట్టిపడింది. ఇంజన్ తిరుగుతున్నంతసేపే వాటికి అంత సులువు. మిగిలిన ఊపుతోనే బండిని రోడ్డు దించి వేపచెట్టు కింద ఆపాను. లారీ మా పక్క అద్దానికి జానెడు దూరంలోంచి దూసుకుపోయింది. వెనక సీట్లో అక్క నాలుగేళ్ల కూతుర్ని గుండెకు అదుముకుంది. పిల్ల ఒళ్లోని కొత్త పలక కాళ్ల దగ్గర పడి ఉంది.

మే నెల. ఎండ 42 డిగ్రీలు దాటింది. నాందేడ్ నుంచి ముద్‌ఖేడ్, ఉమ్రీ, ధర్మాబాద్ మీదుగా బాసర పోతున్నాం. మేనకోడలికి సరస్వతమ్మ గుడిలో అక్షరాభ్యాసం. మాది పద్మశాలి కుటుంబం. తాత కాలంలో మగ్గాన్ని నమ్ముకుని గోదావరి ఎగువకు వచ్చి నాందేడ్‌లో స్థిరపడ్డాం. బయట మరాఠీ, బజార్లో హిందీ, ఇంట్లో తెలుగు. పిల్ల మొదటి అక్షరం మాత్రం బాసరలోనే దిద్దాలని నాన్న పట్టు.

సెల్ఫ్ కొట్టాను. ఇంజన్ గిర్రున తిరుగుతోంది కానీ అందుకోవడం లేదు. నలభై నిమిషాలు చెట్టు కింద కూర్చున్నాం. మళ్లీ తాళం తిప్పితే, ఏమీ జరగనట్టు ఒక్క దెబ్బకే లేచింది.

అది నాలుగోసారి. నా గుండె జారిపోయింది అందుకే.

*

మొదటిసారి ఆగినప్పుడు ఒక మెకానిక్ ప్లగ్గు ఊడదీసి, ఇంజన్ ఒంటికి తాకించి సెల్ఫ్ కొట్టించాడు. నీలం నిప్పురవ్వ రాలేదు. "కరెంటు లేదు, ప్లగ్గులు పోయినయి" అన్నాడు. నాలుగూ మార్చాడు. బండి లేచింది. పది రోజులకు మళ్లీ ఆగింది. ఇంకో చోట కాయిల్ అన్నారు. మార్చారు, లేచింది. వారం తిరగకుండా ఆగింది. మూడో చోట పెట్రోలు పంపు అన్నారు. అదీ మార్చారు. అప్పుడూ లేచింది.

ఇప్పుడు తలుచుకుంటే కడుపు మండుతుంది. వాళ్లు మోసగాళ్లు కారు. బండిని తోసుకెళ్లి, సామాను తెప్పించి, బిగించేసరికి గంటో రెండు గంటలో అయ్యేది. ఈలోగా ఇంజన్ చల్లబడేది. చల్లబడ్డ ఇంజన్ తనంతట తానే లేచేది. ఆ గొప్ప మాత్రం అప్పుడు మార్చిన సామానుకు దక్కేది. మేమూ చేతులు జోడించి డబ్బులిచ్చేవాళ్లం.

ఆ రోజు ఎలాగో బాసర చేరాం. పిల్ల బియ్యంలో ఓంకారం దిద్దింది. తిరుగు ప్రయాణంలో అక్కనూ పిల్లనూ రైలెక్కించి, చీకటి పడి చల్లబడ్డాక నేనూ నాన్నా బండిని నెమ్మదిగా ఇంటికి తెచ్చాం.

*

మర్నాడు దెగ్లూర్ నాకా వైపు ఒక ఉస్తాద్ దగ్గరికి తీసుకెళ్లాం. అరవై దాటిన మనిషి, పుట్టింది బోధన్. అంబాసిడర్, ఫియట్ కాలంలో పాయింట్లకు గరుకు కాగితం రుద్ది పని నేర్చుకున్నాడు. బానెట్ ఎత్తుతాడేమోనని చూశాను. ఎత్తలేదు. స్టూలు లాక్కుని ముందు నాన్నను కూర్చోబెట్టాడు.

"ఎంతసేపు నడిసినంక ఆగుతున్నది తమ్మీ?"

"అరగంట, ముప్పావు గంట."

"ఎండలనా, రాత్రియాల్ల గూడనా?"

ఆలోచించాను. నాలుగుసార్లూ ఎండలోనే. ఆ ప్రశ్న అంతకుముందు ఎవరూ అడగలేదు.

"ఆగినంక సెల్ఫ్ కొడితే ఆర్పీఎం ముల్లు కదులుతున్నదా?"

"చూడలేదు ఉస్తాద్."

"అగో, గదే చూడాలె. ఇప్పుడు బండి మంచిగున్నది, నేనేం చూసినా అబద్ధమే చెప్తది. బీమారి ఒంటి మీద ఉన్నప్పుడే నాడి పట్టాలె."

ఇంజన్ వెనక, గేర్‌బాక్సు కలిసే చోట బొటనవేలంత నల్లటి ముక్క ఒకటి చూపించాడు. క్రాంక్ సెన్సర్. దాని రెండు తీగల ప్లగ్గు విప్పి మీటర్ ముళ్లు ఆనించాడు. ఓమ్‌లలో ఎనిమిది వందల పైచిలుకు అంకె నిలకడగా నిలిచింది. "ఇప్పుడు సల్లగున్నది. ఈ అంకె యాదిపెట్టుకో" అని మళ్లీ బిగించాడు. మిట్టమధ్యాహ్నం ఏసీ వేసుకుని, నన్ను పక్కన కూర్చోబెట్టుకుని ఊరంతా తిప్పాడు. చివరకు తన షెడ్డు ముందే నిలిపి, ఎండలో ఇంజన్‌ను అలాగే తిరగనిచ్చాడు. అతను పోగొట్టుకుంటున్నది తన పని వేళ అని నాకప్పుడు తట్టింది.

ఇరవై నిమిషాలకు ఇంజన్ ఆగింది. ఉస్తాద్ ముఖం వెలిగింది. "దొరికింది! సెల్ఫ్ కొట్టు, ముల్లు చూడు."

కొట్టాను. ఇంజన్ తిరుగుతోంది. ఆర్పీఎం ముల్లు సున్నా మీద చచ్చినట్టు పడి ఉంది. స్కానర్ పెడితే అందులోనూ సున్నాయే. ఇంజన్ తిరుగుతున్న సంగతి బండిలోని కంప్యూటర్‌కు తెలియనే తెలియదు.

*

ఆ చిన్న ముక్క లోపల ఒక అయస్కాంతం, దాని చుట్టూ తలవెంట్రుకలా సన్నని రాగి తీగ. ఎదురుగా క్రాంక్‌షాఫ్ట్‌తో పాటు తిరిగే పళ్ల చక్రం. పన్ను ఎదురుగా వచ్చిపోయిన ప్రతిసారీ తీగలో చిన్న కరెంటు పుడుతుంది. ఇది 1831లో మైకేల్ ఫారడే లోకానికి చూపిన సూత్రమే. చాలా కార్లలో ఆ చక్రానికి 60 పళ్ల చోటు ఉంటుంది, 58 పళ్లే ఉంటాయి. పన్నుకూ పన్నుకూ 6 డిగ్రీలు. రెండు పళ్ల ఖాళీ వచ్చినప్పుడల్లా ఒక చుట్టు అయిందని, పిస్టన్ ఎక్కడుందని కంప్యూటర్‌కు లెక్క దొరుకుతుంది. ఇంజన్ నిమిషానికి 3000 చుట్లు తిరుగుతుంటే సెకనుకు 2900 పళ్లు ఆ ముక్క ముందు నుంచి పోతాయి. ఆ లెక్క మీదే ప్లగ్గులో నిప్పు, సిలిండర్‌లో పెట్రోలు. లెక్క అందకపోతే కంప్యూటర్ రెండూ ఆపేస్తుంది. ప్లగ్గు బాగున్నా, కాయిల్ బాగున్నా నిప్పు రాదు. వెలిగించమని చెప్పేవాడు లేడు మరి.

ఉస్తాద్ వేడి ఇంజన్ మీదకు వంగి మళ్లీ మీటర్ పెట్టాడు. పొద్దున ఎనిమిది వందలు చూపిన చోట ఇప్పుడు అంకే లేదు. తీగ తెగి ఉన్నట్టు చూపిస్తోంది. తడిగుడ్డ ఒకటి ఆ ముక్క చుట్టూ చుట్టాడు. ముగ్గురం ఊపిరి బిగబట్టి చూస్తున్నాం. రెండు మూడు నిమిషాలకు మీటర్ మీద అంకె వణికింది, పోయింది, మళ్లీ వచ్చింది, నిలిచింది. ప్లగ్గు బిగించి తాళం తిప్పితే ఇంజన్ లేచింది.

"వేడికి సాగి లోపల తీగ విడిపోతున్నది, సల్లబడితే మళ్ల ముట్టుకుంటున్నది" అన్నాడు ఉస్తాద్.

అప్పటిదాకా మాట్లాడని నాన్న స్టూలు మీద నుంచి లేచాడు. ఉస్మాన్‌షాహీ మిల్లులో మగ్గాల మీద బతుకంతా గడిపిన మనిషి. "పోగు తెగింది" అన్నాడు. "పడుగుల ఒక్క పోగు తెగితే మగ్గం ఆగుతది. మగ్గం ఖరాబైందని కాదు. తెగిన పోగు దొరికేదాక ఎతకాలె."

"గంతే కాకా" అన్నాడు ఉస్తాద్.

*

మార్చడానికి అరగంట పట్టలేదు. ఇంజన్ చల్లారాక బ్యాటరీ నెగటివ్ వైరు తీశాడు. సెన్సర్‌కు ఉన్నది ఒక్కటే బోల్టు. ముక్క బిగుసుకుని రాకపోతే నూనె చుక్కలు వేసి, కుడికీ ఎడమకూ కొద్దికొద్దిగా తిప్పుతూ లాగాడు. స్క్రూడ్రైవర్ పెట్టి పెకిలించలేదు, విరిగి ముక్క లోపల పడితే గేర్‌బాక్సు దించాల్సిందే. దాని కొసన అయస్కాంతానికి ఇనుప పొడి నల్లటి నూగులా అంటుకుని ఉంది. కూర్చునే చోటు తుడిచి, టార్చి వేసి చక్రం పళ్లు ఒక్కొక్కటీ చూశాడు. కొత్తదాని రబ్బరు రింగుకు నూనె రాసి, చేత్తోనే కూర్చోబెట్టి బోల్టు బిగించాడు. వైరు సైలెన్సర్ పైపుకు తగలకుండా పక్కకు కట్టాడు. సెల్ఫ్ కొట్టగానే ముందు ఆర్పీఎం ముల్లు లేచింది, వెంటనే ఇంజన్ అందుకుంది. ఆ ఎండలోనే గంటసేపు తిప్పాడు. ఆగలేదు.

కొత్త సెన్సర్ ధర మేము అంతకుముందు మార్పించిన కాయిల్ కన్నా తక్కువ.

డబ్బులిచ్చి బయలుదేరుతుంటే ఉస్తాద్ డిక్కీ తెరవమన్నాడు. పాత ప్లగ్గులు, పాత కాయిల్, పాత పంపు సంచిలో ఉన్నాయి. ఒక్కొక్కటే తీసి పరీక్షించాడు. కాయిల్ నుంచి నీలం నిప్పు చిటపటలాడుతూ వచ్చింది. పంపు గుయ్‌మని తిరిగింది. ప్లగ్గులు గోధుమరంగులో శుభ్రంగా ఉన్నాయి.

"ఏ ఒక్కటీ పోలే తమ్మీ. పారెయ్యకు, దాసిపెట్టుకో."

నాన్న ఆ కాయిల్‌ను చేతిలోకి తీసుకుని, తన ధోవతి అంచుతో దుమ్ము తుడిచి, జాగ్రత్తగా మళ్లీ సంచిలో పెట్టాడు.