నిరుటి కారు

1927 మే 26వ తేదీన అమెరికాలోని హైలాండ్ పార్కు కర్మాగారమునుండి ఫోర్డు కంపెనీవారి ‘మోడల్ టి’ కారు ఒకటి వెలువడినది. అది కోటి యేబది లక్షలవ కారు. అంతటి విజయమును చాటుకొనిన ఆ దినములలోనే కంపెనీవారు ఆ నమూనాకు స్వస్తి చెప్పుచున్నట్లు ప్రకటించిరి. ఇతర కార్లలో వచ్చిన మంచి మార్పులు కొన్ని దానిలో లేని మాట నిజమే. అయినను అది నడచుచున్నది, బరువు మోయుచున్నది, చెడినచో సులభముగా బాగుపడుచున్నది. మరి కొనువారు ఏల తగ్గిరి?

హెన్రీ ఫోర్డు పట్టుదల గల మనిషి. 1908లో 850 డాలర్లకు అమ్మిన కారును 1920ల నడుమకు 300 డాలర్ల లోపునకు దించెను. పెక్కు సంవత్సరములు నలుపు తప్ప వేరు రంగు వేయనీయలేదు. తమ వస్తువు కొన్నవాడు మరల కొననక్కర లేకుండవలెనని 1922లో అచ్చయిన తన గ్రంథమున వ్రాసికొనెను. వ్యాపారి నోట ఇట్టి మాట అరుదు.

జనరల్ మోటార్సు కంపెనీకి 1923లో అధ్యక్షుడైన ఆల్ఫ్రెడ్ స్లోన్ ఆలోచన వేరు. కారు కావలసినవారిలో అనేకులు అప్పటికే కొన్నారు. ఇక అమ్మవలసినది కారు ఉన్నవారికే. ఉన్న కారు చెడువరకు ఆగినచో కర్మాగారము నడువదు. కావున కారు చెడకపూర్వమే దానిపై యజమాని మనసు చెడవలెను! ఈ పనికి రంగు తోడ్పడినది. పూర్వపు వార్నిషు ఆరుటకు వారములు పట్టెడిది. డూపాంట్ కంపెనీవారి ‘డ్యూకో’ గంటలలో ఆరును. మన వడ్రంగులును, కార్లకు రంగు వేయువారును నేటికిని పలుకు ‘డ్యూకో’ ఇదియే. 1927లో హార్లీ ఎర్ల్ అను రూపశిల్పి ఆధ్వర్యమున ఒక ప్రత్యేక శాఖ వెలసినది. ఏటేట కారు ముఖము మారసాగినది. లోపలి యంత్రము మారినను మారకున్నను, నిరుటి కారు నిరుటిదని వీధిలో పోవువాడు సైతము గుర్తింపవలెను. రహస్యమంతయు ఇచటనే ఉన్నది. నిన్నటివరకు తృప్తినిచ్చిన బండి పొరుగువాని కొత్తబండి ప్రక్కన నిలువగానే చిన్నబోయినది. ఆ సంస్థ పరిశోధనాధిపతి చార్లెస్ కెటరింగ్ 1929లో ఒక వ్యాసము వ్రాయుచు, కొనువారిని అసంతృప్తులుగా ఉంచవలెనని శీర్షికలోనే చెప్పివేసెను. దాపరికము లేనందుకు ఆయనను మెచ్చుకొనవలసినదే.

కోరిక పుట్టినంత మాత్రమున చాలదు, చేతిలో డబ్బుండవలెను గదా. జనరల్ మోటార్సు వారు 1919లోనే వాయిదాలపై కార్లిచ్చుటకు అప్పుల సంస్థను నెలకొల్పిరి. అప్పు గిట్టని ఫోర్డు 1923లో వేరొక పథకము పెట్టెను. వారమునకు 5 డాలర్ల చొప్పున బ్యాంకులో వేయుచు పోవలెను. ధర పూర్తియైన పిదప కారు తీసికొనవలెను. ఆగి కొనుట అనగా ఇదియే. మా దృష్టిలో ఈ చరిత్రలోకెల్ల గమనింపదగినది ఈ పథకమే. ఆ వారములలో మనిషికి ఆలోచించుటకు వ్యవధి ఉన్నది, వలదనుకొనినచో దాచిన సొమ్ము తనదే. కాని ప్రక్కవీధిలో నేడే కారిచ్చువాడుండగా వేచియుండువారెవరు? పథకము సాగలేదు. 1928లో ఫోర్డు కంపెనీవారును అప్పుల సంస్థను తెరచిరి. అంతకుముందే, 1927 డిసెంబరులో, పలురంగుల ‘మోడల్ ఎ’ అంగడికి వచ్చినది.

రేడియో పాత్రను మేము దాచరాదు. 1922 ఆగస్టు 28న న్యూయార్కులోని ఒక కేంద్రము రుసుము పుచ్చుకొని ఇండ్ల అమ్మకమును గూర్చి ప్రసంగము ప్రసారము చేసినది. వాణిజ్య ప్రకటనల ప్రసారము దానితోనే ఆరంభమైనదందురు. మన దేశమున 1967 నవంబరులో బొంబాయి, పూనా, నాగపూరు కేంద్రములనుండి వివిధభారతిలో ప్రకటనలు మొదలైనవి. అవి పాటల నడుమ వచ్చును. పాట వినువాడు వానినిగూడ వినును. నేడు సెల్‌ఫోను ఏటేట కొత్త రూపుతో వచ్చుచున్నది. చేతిలోని ఫోను మాటలాడుచుండగనే పాతదైనట్లు తోచినచో, ఆ పాతదనము ఫోనులో ఉన్నదో, ప్రకటన చూచిన మన కంటిలో ఉన్నదో ఒక వారము ఆగి చూచుట మంచిది. ఫోర్డు పథకములో వారములు చాలనే ఉండెను.

దీనికి మారుగా మన అంబాసిడరు కారును ఆదర్శముగా చెప్పువారు కలరు. 1950ల చివర ఉత్తరపారాలో మొదలై 2014లో తయారీ నిలిచిపోవువరకు దాని ఆకారము పెద్దగా మారలేదు. అది కొనువారి నిగ్రహమనుకొనరాదు. పర్మిట్ల కాలమున వేరొక కారు దొరకుట కష్టము. దానికే సంవత్సరముల తరబడి వేచియుండిరి. అయినను తండ్రి కొన్న అంబాసిడరును కొడుకు నడుపుట వింతగా ఉండెడిది కాదు. దాని విడిభాగములు చిన్న ఊళ్ళలో సైతము దొరకెడివి, పాత బండినుండి ఊడదీసినవి కొత్తదానికి అమరెడివి.